ఆరబెట్టే బీరువా

ఔలులో జనవరి పొద్దు పదింటికి గానీ తెల్లారదు.
పిల్లలు చీకట్లోనే వస్తారు,
మంచు బట్టల్లో ఎలుగుపిల్లల్లా దొర్లుకుంటూ.
పద్దెనిమిది జతల చేతి తొడుగులు
తడిసి, బరువెక్కి,
గోడవార ఇనప బీరువాలోకి వెళ్తాయి.
అది రోజంతా వెచ్చగా ఊపిరి వదులుతూ
ఒకే స్వరం మీద గుయ్యిమంటుంది.

ఓయివా చోటు దాని పక్కన.
కడుపుతో ఉన్న అమ్మ పొట్టకి
చెవి ఆనించే అన్నలా
రేకుకి చెవి ఆనించి నిలబడతాడు.
వేళ్ళు రెప్పల్లా కొట్టుకుంటాయి.

"వాడికి మా పేర్లే తెలీవు," ఎల్మెరి ఫిర్యాదు.
"పిలిస్తే పలకడు. చూడను కూడా చూడడు."
ఇరవై ఏళ్ళ ఉద్యోగం నాది,
మంచి జవాబు ఉండాలి నా దగ్గర.
"ఒక్కొక్కరి మెదడు ఒక్కో రకంగా..." అని మొదలుపెట్టాను.
ఎల్మెరి అప్పటికే బ్లాకుల దగ్గరికి వెళ్ళిపోయాడు.
ఫైల్లో ఓయివా గురించి నాలుగు పేజీలున్నాయి.
ఆటిజం అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది.
తొడుగుల సంగతి ఎక్కడా లేదు.

అది కనిపెట్టింది టైమి.
ఓ మంగళవారం తన తొడుగు కోసం వెతుకుతుంటే
వాడు మొహం తిప్పకుండానే అందించాడు,
ఎర్రది, బొటనవేలి దగ్గర పసుపు అతుకుది.
ఇంక పరీక్షలు పెట్టింది: ఇదెవరిది? మరి ఇది?
వాడు పలకలేదు.
ఒక్కొక్కటీ తీసుకెళ్ళి
ఎవరిది వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టి వచ్చాడు.
ఒక్కటీ తప్పు పోలేదు.

ఫిబ్రవరి తుఫానులో, సాయంత్రం, కరెంటు పోయింది.
దీపాలారితే పిల్లలు కేరింతలు కొట్టారు.
బీరువా ఆగింది.
ఓయివా నేల మీద పడి చెవులు మూసుకున్నాడు,
మోత పోయిన చోటే మోగుతున్నట్టు.
ఆ అరుపు!
నేను దగ్గరికి తీసుకోబోయాను, తప్పు.
ఎవరో పాట ఎత్తుకున్నారు, ఇంకా తప్పు.
ఎల్మెరి ఏడుపు లంకించుకున్నాడు.

టైమి వెళ్ళి బీరువాకి వీపు ఆనించి కూర్చుంది.
మూతి బిగించి
మ్... మ్... మ్...
ఊపిరైపోతే ఆగి, మళ్ళీ.
ఎల్మెరి ముక్కు తుడుచుకుని గొంతు కలిపాడు.
తర్వాత ఇంకెవరో. తర్వాత నేను.

అరుపు మధ్యలో ఎక్కడో తెగింది.
వాడు పాక్కుంటూ వచ్చి
టైమి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి
విన్నాడు.
"కిందికి," అన్నాడు.
స్వరం దించింది.
"ఇంకా."
దించింది.
అప్పుడు గోడకి జారబడి కళ్ళు మూసుకున్నాడు.

నలభై నిమిషాలు, వంతులేసుకుని.
కరెంటొచ్చాక వాడు ఎవరికేసీ చూడకుండా
లేచి తన చోటికి వెళ్ళిపోయాడు.
ఎల్మెరికి కాస్త కోపం కూడా వచ్చింది.

మర్నాడు తొడుగులు సర్దుతుంటే
టైమి ఎర్ర తొడుగులో
ఓయివా నీలం తొడుగు దూర్చి ఉంది.
అలాగైతే రెండూ ఆరవు. విడదీయబోయాను.
"వద్దు," అంది టైమి నా వెనక నుంచి,
"తడిగా ఉన్నా పర్లేదు."