చివరిసారి ఎక్కడ చూశారు?

పోర్తో ఎయిర్‌పోర్టులో ఆఖరి బెల్టు పక్కన
నా కౌంటర్.
పెట్టె రానివాళ్లంతా నా మీదికే వస్తారు.

పదకొండేళ్లుగా
స్కార్ఫుతో పాటు నవ్వునీ ముడేసుకుంటున్నాను.
ఇంటికెళ్లేటప్పుడు స్కార్ఫొక్కటే ఊడివస్తోందని
మెట్రోలో చెల్లెలి కొడుకు పట్టేశాడు,
ఎదుటి ఖాళీ సీటు చూపించి:
"ఎవర్ని చూసి నవ్వుతున్నావ్, పెద్దమ్మా?"

థెరపిస్టు వెనాన్సియా గదిలో
రేడియేటర్ గురక పెడుతుంది.
ఆమె కాగితం మీద నిలువుగా రెండు గీతలు గీసి
మూడు గళ్లు చేసింది.
ఏం జరిగింది. మనసులో ఏమొచ్చింది. సాక్ష్యమేంటి.
నాకు ఫక్కున నవ్వొచ్చింది.
రోజంతా నేను నింపేదీ ఇలాంటిదే కదా:
రంగు, చక్రాలెన్ని, లోపల ఏముంది!

మొదటి వారం రాసింది ఇదీ.
ఆకుపచ్చ కోటాయన కౌంటర్ మీద గుద్దాడు.
పెట్టెలో పెళ్లి సూటు. పెళ్లి రేపు, బ్రాగాలో.
మనసులో: అంతా నా వల్లే. నేను దేనికీ పనికిరాను.
సాక్ష్యం దగ్గర
పెన్ను చాలాసేపు కదల్లేదు.
పెట్టె ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది.
నేను ఫ్రాంక్‌ఫర్ట్ ఎప్పుడూ చూడలేదు.

ఇంత చిన్న మాట
ఇన్నేళ్లూ ఏ బెల్టు మీద తిరుగుతోందో.

అన్నిసార్లూ గళ్లలో పట్టదు.
ఒకామె అసలు అరవలేదు.
పెట్టెలో వాళ్లమ్మ స్వెటరుందట.
ఉతకలేదట. ఉతికితే పోతుందట.
ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.
"ఇందులో నా ఆలోచన తప్పెక్కడ?" అని అడిగితే
వెనాన్సియా కాగితం మడిచి పక్కన పెట్టింది.
"తప్పు లేదు. దీన్ని దిద్దొద్దు."

ఇంకో సంగతి కూడా రాసుకున్నాను:
ఫీజులో మూడో వంతు కంపెనీయే ఇస్తుంది.
నెలనెలా నా నవ్వుకి మార్కులు వేసేదీ అదే.
ఇది ఏ గడిలో రాయాలో తెలీక
అంచున రాశాను.

తర్వాత ప్రయోగం.
ఒక పూటంతా నవ్వు పులుముకోకుండా కూర్చోవాలి.
ఏమవుతుందనుకుంటున్నానో ముందే రాయాలి.
ఉద్యోగం పోతుంది, అని రాశాను.
ఒక్క ఫిర్యాదు వచ్చింది.
సూపర్‌వైజర్ బెల్మీరో పిలిచి
చిరునవ్వు విలువ గురించి ఏడు నిమిషాలు చెప్పారు.
విన్నాను.
మొహం నా మొహంలాగే ఉంచి.

సూటు మూడో రోజుకి వచ్చింది,
పెళ్లి అరువు సూటులో అయిపోయాక.
ఆయన సంతకం పెట్టి, ఏమీ అనకుండా పోయాడు.
సాక్ష్యం గడి ఖాళీగానే వదిలేశాను.

మా ఫారంలో ఆఖరి ప్రశ్న ఒకటుంటుంది.
రాత్రి మెట్రోలో, స్కార్ఫు ఒళ్లో పెట్టుకుని,
పోయిన వస్తువు: నవ్వు, అని మొదలెట్టి
దాని దాకా వచ్చాను.
చివరిసారి ఎక్కడ చూశారు?

మంగళవారం. గురక పెట్టే రేడియేటర్ పక్కన.