పంపు ఆగిన రాత్రి

ప్రసూతి వార్డు వెనక తలుపు దగ్గర
సీట్స్కె నా చేతికి డబ్బా అందించింది.
"ఆడపిల్ల, హిల్ట్యె. మూడున్నర కిలోలు. గొంతు గట్టిదే."
లోపల ఉప్పునీళ్లలో జానెడు బొడ్డుతాడు.

వానలో సైకిలు తొక్కుతూ కాలువ దాటాను.
గ్రోనింగెన్ ఇంకా సగం నిద్రలోనే ఉంది.
తాడు పని నిన్నటితో అయిపోయింది గానీ
దాని సిరలో అస్తరులా పరుచుకున్న కణాలకు
ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వాటిని గాజుపలక మీద నాటి
ఎర్రటి ద్రవం పారించే పంపు పెట్టాను.
పారినంతసేపూ వాలుకు ఒరిగి పడుకుంటాయి.
లోపల కెఎల్ఎఫ్ టూ అనే పెద్దమ్మ
"ఎందుకర్రా గొడవ, సర్దుకోండి" అంటూ తిరుగుతుంటుంది.

నాలుగో రాత్రి పంపు ఆగింది. గొట్టంలో బుడగ.
నేను చూసుకోకుండా
వేయాల్సిన టీఎన్ఎఫ్ చుక్క వేసేశాను.

ఆకుపచ్చ రంగు తొడిగిన ఎన్ఎఫ్ కప్పా బి
మామూలుగా కేంద్రకం గుమ్మం బయట
ఐ కప్పా బి చంకలో ఇరుక్కుని ఉంటుంది.
చుక్క పడ్డాక పట్టినవాడు కరిగిపోయాడు.
ఇరవై నిమిషాలకు ఒక్కో కేంద్రకమూ
రాత్రి రైలు కిటికీలా వెలిగింది.
"వాకిట కొక్కేలు తగిలించండి,
పోయే తెల్లకణాన్నల్లా పట్టి ఆపండి!"
డీఎన్ఏ మీద చేయి వేసి అది చెప్పే మాట ఇంతే.

గాయమైతే మేలే.
గాయం లేకపోతే?

మా నాన్న పోల్డర్ పంపుహౌసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశాడు.
నిలిచిన నీటిని వాసనతో పోల్చేవాడు.
ఆయన మెడనాళం రెండుగా చీలేచోట
నెత్తురు సుడి తిరిగే మలుపులోనే పూడిక చేరింది.
ఇప్పుడు ఎడమచెయ్యి, భోజనాల బల్ల మీద
ఎవరో మరిచిపోయిన గ్లవ్‌లా ఉంటుంది.
కాఫీ కప్పు దాని పక్కనే పెడతాను, అలవాటుగా.

రెండింటికి నోట్‌బుక్‌లో వంకరగా రాశాను:
ఆకుపచ్చ బయటికొస్తోంది.
లోపల దూరినవాడు రాయించే మొదటి కబుర్లలో
తనను పట్టేవాడి పేరూ ఒకటి!
తన సంకెల తానే చేయించుకుని
తగ్గి, మళ్లీ లేచి, ఈసారి కొంచెం తక్కువగా...

బుడగ వదిలించి పంపు వేశాను.
డబ్బా మీద నంబరే ఉంది.
ఈపాటికి ఆ పిల్లకో పేరు పెట్టే ఉంటారు,
మిగిలిన బొడ్డుముక్క ఎండి ఊడే రోజులివి.
తెల్లారేసరికి గాజు మీద
ఒక కణం, దాని పక్కది,
వాలు ఎటో వెతుక్కోవడం మొదలుపెట్టాయి.