లోయ నిద్ర

మంగోలియా పడమటి కొస. బయట మైనస్ ముప్ఫై.
పొయ్యి పక్కన పెడితేగానీ
కోర్టు గదిలో నా కలానికి సిరా కదలదు.

యాంజ్మా అవ్వ తోలు టోపీ తీసి లేచింది.
"గుర్రం నాది. పోయిందీ నాకే, దొరికిందీ నాకే.
పిల్లాణ్ణి క్షమించేశాను.
మధ్యలో ప్రభుత్వానిదేం పోయింది?"

బోనులో గాల్సన్. పందొమ్మిదేళ్లు.
మంచుకు కమిలిన చెవులు.
నేలకేసి చూస్తున్నాడు.

న్యాయమూర్తి హందా కళ్లద్దాలు తుడుచుకుంది.
"గుర్రం నీదే అవ్వా.
కానీ ఆ రాత్రి నుంచీ ఈ లోయలో ఎవరూ
గుర్రాన్ని వట్టి ముడికి వదిలేసి పడుకోవడం లేదు.
ఆ నిద్ర నీ ఒక్కదానిదే కాదుగా.
నీ వాటా నువ్వు క్షమించు.
మిగతా లెక్క చూడ్డానికి నేనున్నాను."

ఇరవై రెండేళ్లుగా ఈ రికార్డులు రాస్తున్నాను.
నేరచట్టమంటే ఏమిటని ఎవరడిగినా
సెక్షన్లు ఏకరువు పెట్టేదాన్ని.
ఇంత పొట్టిగా చెప్పొచ్చని తెలీదు.

తర్వాత గంటన్నర, ఒక ముడి గురించి.
తాడు విప్పింది చెయ్యా, మనసా?
తాగిన మత్తులో తన గుర్రమే అనుకున్నాడా?
అనుకుంటే కళ్లెం ఎందుకు మార్చాడు?
చట్టం మనిషి చెయ్యి పట్టుకుని
మనసు దాకా నడుస్తుంది, చీకట్లో.
తలుపు తడితే
లోపల్నించి సందేహం పలికిందా,
మారు మాట్లాడకుండా వెనక్కొచ్చేస్తుంది.

కళ్లెం దగ్గర దొరికిపోయాడు.
ఏడాది పాటు లోయ దాటకూడదు.

వెళ్తూ వెళ్తూ అవ్వ
వాడి జేబులో ఎండు పెరుగుబిళ్లలు నాలుగు కుక్కింది.
దానికి సెక్షన్ లేదు.

ఇంకోదానికీ లేదు.
ఆ రాత్రి డెక్కల చప్పుడు
నా గుడారం వెనకనుంచే పోయింది.
యాంజ్మా గుర్రం నడక నాకు తెలుసు,
ముందరి ఎడమకాలు కాస్త ఈడుస్తుంది.
లేవబోయాను.
చలి.
ఉన్ని దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాను.

దొంగిలించినవాడి దాకా వచ్చిన చట్టం
దుప్పట్లోని దాని దాకా రాదు.
రాకూడదు కూడా, వస్తే
లోయలో ఏ గుడారం మిగులుతుంది?
అయినా,
గుమ్మడితీగ పాకని ఈ నేలమీద
భుజాలు తడుముకున్నది నేనే.

కాగితంలో ఒక గడి మిగిలింది.
'సంఘటన ఎరిగిన ఇతరులు.'
సిరా మళ్లీ గడ్డకట్టింది.
పొయ్యి దగ్గరికెళ్లాను.
కలం వెచ్చబడింది ఎప్పుడో.
ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.