నోట్లో మామూలుగా ఉండేవే

గుంటూరు పెద్దాసుపత్రి ల్యాబులో
పదకొండేళ్లుగా నేను రాసే మాట ఒకటుంది:
"నోట్లో మామూలుగా ఉండేవే."
రాసీ రాసీ చెయ్యి నొప్పెట్టి
రబ్బరు స్టాంపు చేయించుకున్నాను.
టక్కున కొడితే
పళ్లెం చెత్తబుట్టలోకి, కాగితం వార్డుకి.

శౌరయ్య కాగితం మీద రెండుసార్లు కొట్టాను.
మిర్చి యార్డులో టిక్కీలు మోసే మనిషి
దగ్గితే ఎవరికి వింత?
ఘాటురా, అన్నాడు మేస్త్రి.
క్షయేమో, అన్నారు వార్డులో.
కళ్లె ఎన్నిసార్లు చూసినా క్షయ లేదు.
జ్వరం మాత్రం రాత్రి డ్యూటీకి వచ్చినట్టు
ఏడింటికల్లా వచ్చేది.
ఎక్స్‌రేలో కుడివైపు
నిమ్మకాయంత గుంట, అందులో సగం దాకా చీము.

కొత్తగా వచ్చిన డాక్టర్ హైమవతి గారు
వీపులోంచి సూది దించి తీసి
సిరంజికే మూత బిగించి పంపారు:
"గాలి తగలనివ్వకండి."

బీరువా అడుగున దుమ్ము పట్టిన జాడీ తీశాను.
మా నాయనమ్మ గోంగూర పచ్చడికి వాసెన కట్టినంత జాగ్రత్తగా
గాలంతా పోగొట్టి బిగించాను.

అయిదో రోజు మూత తీస్తే
ముందు వాసన చెప్పింది, తర్వాత పళ్లెం.
ఆవగింజలో సగం లేవు, నల్లగా,
చిగుళ్ల సందుల్లో కాపురముండేవి.
గాలి తగిలితే చచ్చే జాతి
ఊపిరి ఇంట్లోనే దాక్కుంది.

ఆ పూట అన్నం సయించలేదు.
నేను స్టాంపు కొట్టినవన్నీ తప్పు కావు.
ఏవి తప్పో చూద్దామంటే
పళ్లేలు లేవు.

మధ్యాహ్నం నేనే వార్డుకి వెళ్లాను.
"నోరు తెరువు, శౌరయ్యా."
ఇన్నాళ్లూ అందరూ దగ్గమన్నారట,
తెరవమన్న మనిషి లేదు.
కింది దవడ పన్ను పుచ్చి డొల్ల,
అందులో ఎప్పటిదో లవంగం ముక్క.

తాగి టిక్కీల మీద వెల్లకిలా పడిపోతే
నిద్రలో ఉమ్మి దారి తప్పుతుందనీ
పంటి కింద పెరిగినవి దాంతో పాటే దిగుతాయనీ చెప్పాను.
చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"అంటే నా పన్నే నన్ను కరిచిందంటావా, అమ్మా?"

అవునన్నాను.
మందుతో తగ్గుతుందన్నాను.
ముందు ఆ పన్ను పీకించుకోవాలన్నాను.

నలభై అయిదు కిలోలు వీపున వేసుకుని
నిచ్చెనెక్కే మనిషి
దుప్పటి గడ్డం దాకా లాక్కుని
నోరు గట్టిగా మూసుకున్నాడు.