నవంబరు కాగితం

ఒకటో తారీఖున మైదా జిగురు కాచి
నెల పట్టిక తలుపుకి అంటిస్తాను.
అక్టోబరు మీదే. అక్టోబరు కింద సెప్టెంబరు.
ఈ తలుపు ఏటా వేలెడు లావెక్కుతోందని
కోటు మీది మంచు దులుపుతూ నవ్వుతుంది మారెట్.

తార్తు ఊళ్లో ఈ నెలకి పగళ్లు చాలవు.
మూడున్నరకల్లా చీకటి
తల్లి ఏరు మీది వంతెన దాటి నడిచొచ్చి
మా పాత సబ్బుల ఫ్యాక్టరీ గోడకి వీపు ఆనిస్తుంది.
సబ్బులు ఆగిపోయి ముప్పై ఏళ్లు.
ముసురు పట్టిందంటే హాలు ఇప్పటికీ లైలాక్ వాసన.
నలభై ఒక్క కుర్చీలు. పదిహేడోదానికి కాలు విరిగింది,
తెలిసినవాళ్లకే అమ్ముతాను.
ఎలా కూర్చోవాలో వాళ్లకి తెలుసు.

మొదటి శుక్రవారం మూకీ సినిమా.
పియానో వాయించే తీత్ మెట్ల మీద జారి
కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.
అయినా వచ్చాడు, కట్టుతో.
తుపాను ఘట్టంలో ఎడమచెయ్యి ఒక్కటే ఉరిమింది,
మెరుపులు మేమే వేసుకున్నాం.

మంగళవారాలు అల్లికలవాళ్ల ఆట.
దీపాలు సగమే ఆర్పుతాం.
తెర మీద ఎడారి, హాల్లో సూదుల చిటపట,
కళ్లు మూసుకుంటే వాన.
ఎర్ర ఉన్ని ఉండ ఒకటి దొర్లి తెర కిందికెళ్లింది.
ఎవరిదో ఇంకా అడగలేదు. గల్లాపెట్టెలో ఉంది.

పద్నాలుగున రీగా నుంచి దర్శకురాలు వచ్చింది.
ముఖాముఖి అని పెద్దక్షరాల్లో వేశాం.
మిగిలింది ముగ్గురు, అందులో ఒకడు బస్సు కోసం ఆగినవాడు.
ఆ గుర్రం తర్వాత ఏమైంది, అని అతనే అడిగాడు.
ఆమె చాలాసేపు ఆలోచించి
అమ్మేశారు, అంది.
సూపు మాత్రం తలా రెండు గిన్నెలు.

ఇక ఇరవై రెండు.
అసలు ఆ రాత్రి గురించే మొదలుపెట్టాను, దారి తప్పాను.

పోర్చుగీసు చిత్రం. చూస్తే ఉపశీర్షికలు లేవు.
పెదాలు కదులుతున్నాయి, కింద నల్లటి ఖాళీ.
ముప్పై మంది వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు.
మూడో వరుసలోంచి హెయినో లేచాడు.
ఒకప్పుడు చేపల ఓడలో వంటవాడు,
అంగోలా రేవుల్లో ఆ భాష పట్టుబడిందని
ప్రతి చలికాలమూ చెప్పేవాడు,
ప్రతి చలికాలమూ మేం తలాడించేవాళ్లం.

తెర పక్కన నిలబడ్డాడు, టోపీ చేతిలో.
"నాన్నకి కోపంగా ఉంది."
"ఇప్పుడీమె అబద్ధం చెబుతోంది."
మొదట నత్తి నత్తిగా,
తర్వాత గొంతుకి గాలి దొరికింది.

చివర్లో ఒడ్డున నిలబడి
సముద్రం వైపు ఆమె రెండే మాటలంది.
హెయినో టోపీని తడిగుడ్డలా పిండాడు.
తర్వాత చాలా పొడుగ్గా చెప్పాడు:
"నీ కంచం కడిగి బోర్లించే ఉంచాను.
పొయ్యి ఆర్పలేదు.
ఆలస్యమైందని సిగ్గుపడకు, వచ్చెయ్."
చీకట్లో ముక్కులు చీదిన చప్పుడు.

చివరి వరుసలో జందీరా,
కేప్ వెర్దే నుంచి చదువుకి వచ్చిన పిల్ల.
ఆ భాషలోనే బడికెళ్లింది. నోరు మెదపలేదు.
కోట్ల దగ్గర పట్టుకుని అడిగాను,
నిజానికి ఏమందని.
"ఉప్పు అయిపోయింది, అంది."
అంతేనా?
"అంతే. నాన్న కోపం మాత్రం నిజమే."
మఫ్లర్ చుట్టుకుని గడప దాటి మళ్లీ వెనక్కొచ్చింది:
"ఇంకోసారి వేస్తే చెప్పండి.
ఆయన సినిమా చూస్తాను."

ఇరవై తొమ్మిదిన బాయిలర్ చందాల సభ.
దాని గురించి రాయను.

ముప్పై రాత్రి జిగురు గిన్నెతో తలుపు ముందుకొస్తే
నవంబరు కాగితం మీద, ఇరవై రెండు పక్కన,
పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు:
అనువాదం, హెయినో.

కత్తెర తెచ్చి
డిసెంబరులో ఆ మేరకు చిన్న కిటికీ కోసి అంటించాను.
వచ్చే ఇరవై రెండున ఏ ఆటో
ఇప్పుడీ తలుపు చెప్పదు.
లోపలికొచ్చి అడగాలి.