చీటీలు రెండే

మధురవాడ కొండ మీద, నాలుగో అంతస్తులో
నేను రాసే శత్రువులు ఎనిమిది మంది.
చుట్టుముట్టాలి ఒక్కణ్ణి.
గెలవకూడదు.
గెలవబోతున్నట్టు ఉండాలి.

అందుకే చీటీలు రెండే పెట్టాను.
చీటీ దొరికినవాడు కత్తి దూస్తాడు.
దొరకనివాడు
అడుగు ముందుకేసి వెనక్కి తీస్తాడు,
పళ్ళు నూరతాడు, గుండ్రంగా నడుస్తాడు.
వీపు వెనక నుంచి ఎవడూ రాకూడదు,
వస్తే ముందు ఒక కేక వేసి రావాలి.
కూతకొచ్చిన ఒక్కడి మీద
ఏడుగురూ ఒకేసారి పడేది కబడ్డీలోనే.
ఇక్కడ అలా పడితే
డబ్బులు వాపసు అడుగుతారు.

పెదజాలారిపేట నుంచి వచ్చే పోలరాజు
పగలంతా ఆడి తప్పులు పడతాడు.
"మేడం, ఆ ఎనకాలోడు ఏటలాగ ఊరికే తిరుగుతన్నాడు,
చేపల వేలంలో పాట పాడనోడి లాగ?"
వాడికి వంతు రాలేదు, అన్నాను.
"మరి వచ్చీసినట్టు నటిస్తన్నాడేటి?"
నా జీతం దానికే, అన్నాను.

మొన్న రాత్రి హనుమంతవాక దగ్గర
ఆటో ఒకటి స్కూటర్ని రాసుకుంది.
గోటితో గీసినంత.
డ్రైవర్ని కిందికి లాగారు.
ఇద్దరు కొడుతున్నారు.
మిగతావాళ్ళు
అడుగు ముందుకేసి వెనక్కి తీస్తున్నారు.
ఒకడు హెల్మెట్ ఎత్తి పట్టుకున్నాడు, దించడు, వెయ్యడు.
ఒకడు ఫోను ఎత్తాడు.
కొట్టేవాడు అలిసి పక్కకి జరగగానే
ఎవరో చీటీ చేతిలో పెట్టినట్టు
ఇంకొకడు ముందుకి.
నేను లెక్కపెట్టాను. అలవాటు.
మొదటి వలయంలో అయిదుగురు,
రెండో వలయంలో తొమ్మిది మంది.
సింహాచలం బస్సు హారన్ కొట్టింది,
వలయం కాస్త జరిగి దారిచ్చి
మళ్ళీ మూసుకుంది.
వీపు వెనక నుంచి వచ్చినవాడు
కేక వెయ్యలేదు.

తొమ్మిది కాదు, పది.
ఇంటికెళ్ళి బ్యాగు దించాక తట్టింది,
నన్ను కలపలేదు.

తెల్లారి ఏడోవాడికి మూడు వరసలు కొత్తవి రాశాను:
చీటీ వస్తే తీసుకోకు.
కత్తి దించు.
నీ వాళ్ళ వైపు తిరుగు.

మధ్యాహ్నానికి పోలరాజు చిట్టా పంపాడు:
"ఏడోవాడు తప్పు వైపు చూస్తన్నాడు. సరిచెయ్యగలరు."

జవాబు ఇవ్వలేదు ఇంకా.
ఆట నడిపించి చూస్తున్నాను మళ్ళీ మళ్ళీ.
ఏడోవాడు కత్తి దించి తిరిగినప్పుడు
ఎనిమిదోవాడు వాడి కళ్ళలోకి చూసి
ఒక అడుగు వెనక్కి తీశాడు.

అది నేను రాసిందేనా అని
వెతుకుతున్నాను.