వీపుతో వినడం

పద్నాలుగో నంబరు గదిలో బెంచీలు నేలకి బిగించి ఉంటాయి.
ఎవరు బిగించారో, ఏ భయంతో బిగించారో
ఆఫీసు రిజిస్టరులో లేదు.
గుంపులుగా, గుండ్రంగా కూర్చోండి అంటే
నలభై ఆరుమందీ నావైపే చూశారు,
గుండ్రం అనేది సిలబస్‌లో లేనట్టు.

చివరికి సోనేరావు లేచి
బోర్డుకి వీపు తిప్పి
డెస్కు మీదే బాసింపట్టు వేసుకుని
"ఇట్లనా మేడమ్?" అన్నాడు.
ఇట్లనే, అన్నాను.

బోర్డు మీద ఒక్క ప్రశ్న:
గంట పనికి వెల ఎవరు కడతారు?
రాశాక కూడా సుద్దముక్క కింద పెట్టలేదు.
పద్దెనిమిదేళ్ల అలవాటు.
నిశ్శబ్దం నాలుగు క్షణాలు దాటితే
నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది,
బస్సు ఆగకముందే దిగే కాలులాగా.

మొదటి వారం ఏమీ జరగలేదనే చెప్పాలి.
ఒక గుంపు క్రికెట్ మాట్లాడింది.
ఇంకోటి నా పోయినేటి నోట్సు నాకే అప్పజెప్పింది.
కిటికీ పక్క గుంపులో వరప్రసాద్ ఒక్కడే కురిశాడు,
మిగతావాళ్లు వాన వెలిసేదాకా
చూరు కింద నిలబడ్డారు.
వైస్ ప్రిన్సిపాల్ తలుపులోంచి తొంగిచూసి
"ఓ, మీరున్నారా!
గోల వింటే ఎవరూ లేరనుకున్నా" అన్నారు.
ఆ మాట నాతోపాటే రైలెక్కింది,
మలక్‌పేటలో నేను దిగినా అది దిగలేదు.

తర్వాత ఒకటి గమనించాను.
నేను దగ్గరికెళ్తే మాట చచ్చిపోతుంది.
ముఖాలన్నీ నావైపు తిరుగుతాయి
వడ్డన కోసం చాచిన కంచాల్లా.
అందుకని కిటికీ దగ్గర నిలబడి
బయటికి చూస్తున్నట్టు నటిస్తూ
వీపుతో వినడం మొదలుపెట్టాను.

కిటికీ అవతల ఫలక్‌నుమా లోకల్ పోతుంది.
అది పోయేంతసేపూ గదంతా సగం వాక్యంలో ఆగుతుంది.
రైలు దాటాక ఆ సగాన్ని
మొదలుపెట్టినవాళ్లు కాక
ఎవరో వేరేవాళ్లు పూర్తి చేస్తారు.
ఇది ఏ శిక్షణ తరగతిలోనూ నాకు చెప్పలేదు.

తబస్సుమ్ అని ఒక పిల్ల.
హాజరుకి తప్ప నోరు విప్పదు,
చేతులెప్పుడూ దుపట్టా కింద.
పేరు పెట్టి అడిగిన ప్రతిసారీ నేల చూసింది,
దాన్ని నేను 'తెలియదు' అని చదువుకున్నాను.
ఆరోజు రైలు తోక దాటుతుండగా
నా వెనక ఒక కొత్త గొంతు:

"ఐదు కిలోల లెహ్సన్... ఏమంటరు దాన్ని..."
"ఎల్లిగడ్డ" అందించాడు సోనేరావు.
"ఆఁ, ఎల్లిగడ్డ. పొట్టు తీసిస్తె హోటలాయన అర్వై ఇస్తడు.
అమ్మీ, నేను, చెల్లె. రెండు గంటలు."
"అంటే గంటకి ముప్పై" అన్నాడు వరప్రసాద్.

తప్పు.
నా వేళ్లలో సుద్దముక్క పుటుక్కుమంది.
తిరగబోయి, కిటికీ ఊచ పట్టుకున్నాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదు.
"ముగ్గురు గదరా" అన్నాడు సోనేరావు, "మనిషికి పది."
ఆగి, మళ్లీ తనే,
"రాత్రి నేను మోసే బిర్యానీల ఆ ఎల్లిగడ్డనే ఉండొచ్చు.
నాకు వాన పడితే ఆర్డర్‌కి ఇంకో పది ఎక్కువిస్తరు."
"వానకు రేటుంది" అంది తబస్సుమ్,
"ఏళ్ల మంటకు లేదు."

కిటికీ అద్దంలో కనిపించింది,
దుపట్టా కిందినుంచి రెండు చేతులు వచ్చి
డెస్కు మీద వెల్లకిలా పడుకోవడం.
ఎవరూ ఏమీ అనలేదు.
వరప్రసాద్ ఆ ఏడాదిలో మొదటిసారి ప్రశ్న అడిగాడు:
"ఎంతసేపు మండుద్ది?"

అవతలి గుంపు ఇంకా క్రికెట్ దగ్గరే ఉంది.
అది కూడా రాసుకోవాలి.

గంట కొట్టాక వాళ్లిచ్చిన కాగితంలో
జవాబు లేదు, ఒక ప్రశ్నే ఉంది,
అందులో రెండు అక్షరదోషాలు.
ఎర్ర పెన్ను మూత తీశాను.
కాగితం నుంచి సన్నగా
వెల్లుల్లి వాసన.
మూత పెట్టేశాను.